ముందు అంచనా, తర్వాత కొలత: వేసవి సెలవుల్లో పిల్లలతో ఇంట్లో

అందరికీ నమస్కారం.

సెలవులు వస్తున్నాయంటే చాలామంది పెద్దలు రోజుకో కొత్త పని చొప్పున పొడవాటి జాబితా రాసుకుంటారు. వారం తిరిగేసరికి ఇంటినిండా రంగు కాగితాలు, జిగురు మరకలు మిగులుతాయి, పిల్లలేమో మళ్లీ విసుగు మొహం పెడతారు. మేము చెప్పేది ఇంతే: పనులు తగ్గించండి, ఒక్కోదానిలో వాళ్లని ఎక్కువ సేపు ఉండనివ్వండి. మొదలుపెట్టే ముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడిగి, ఆ జవాబు వాళ్ల చేతే నోటుబుక్కులో రాయించండి. రాయించకపోతే ఫలితం చూశాక "నేనూ అదే అనుకున్నా" అనేస్తారు. రాసి ఉంటే అంచనాకీ, జరిగినదానికీ మధ్య తేడా ఎదురుగా కనిపిస్తుంది. పిల్లల ఆలోచన అక్కడే మొదలవుతుంది.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి మొదట లోలకం చేయించండి. సన్నని గట్టి దారం, ఒక ఇనుప నట్టు, బల్ల అంచు, సెకన్లు చూపే గడియారం ఉంటే చాలు. నట్టుని దారానికి కట్టి, రెండో కొసని బల్ల అంచుకి టేపుతో గట్టిగా అంటించాలి. పొడవు కొలిచేది దారం వంగే చోటు నుంచి నట్టు మధ్య వరకు. దారం చివరి వరకే కొలిస్తే లెక్క తప్పుతుంది. మొదటి పొడవు 25 సెంటీమీటర్లు పెట్టండి. కొంచెం పక్కకి లాగి వదిలి, వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపుగా పది ఊపులు లెక్కపెట్టమనండి. దాదాపు 10 సెకన్లు వస్తుంది.

ఇప్పుడు అంచనా అడగండి: పొడవు 50 సెంటీమీటర్లు చేస్తే? ఎక్కువమంది 20 అని రాస్తారు. గడియారం 14 చూపిస్తుంది. పిల్లలు నమ్మరు, మళ్లీ చేస్తారు, మళ్లీ 14. 20 సెకన్లు రావాలంటే దారం మీటరు ఉండాలి. పొడవు నాలుగింతలైతేనే కాలం రెండింతలవుతుందని వాళ్లే పట్టుకుంటారు. వర్గమూలం అనే మాట ఇంకా బడిలో రాకపోయినా ఫరవాలేదు, దాని పని కళ్లతో చూశారు. లోలక గడియారాన్ని 1656లో క్రిస్టియాన్ హైగెన్స్ రూపొందించింది ఈ కచ్చితత్వాన్ని నమ్ముకునే అని అప్పుడు చెప్పండి, ఇంకా బాగా వింటారు.

ఇందులో తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా తెలిసి ఉండాలి. వదిలేటప్పుడే "ఒకటి" అనడం అన్నిటికన్నా మామూలు తప్పు. అలా అంటే జరిగేవి తొమ్మిది ఊపులే. వదిలేటప్పుడు "సున్నా" అనాలి. ఒక్క ఊపుని మాత్రమే కొలవకూడదు, ఎందుకంటే గడియారం నొక్కడంలో అయ్యే చిన్న ఆలస్యం ఒక్క సెకనులో పెద్ద వాటా అవుతుంది. పది ఊపుల మీద పరిస్తే ఆ లోపం సన్నబడుతుంది. మరీ దూరం లాగి వదిలితే కాలం కాస్త పెరుగుతుంది కాబట్టి మీటరు దారానికి 15 సెంటీమీటర్లకి మించి లాగనివ్వకండి. బరువు పెంచితే ఏమవుతుందో చూడటానికి రెండో నట్టు కడతారు. దాన్ని మొదటిదాని పక్కనే కట్టాలి. కింద వేలాడదీస్తే లోలకం పొడవే మారిపోతుంది, బరువు వల్ల కాలం పెరిగిందని పొరబడతారు. ఒకసారి ఒక్కటే మార్చాలన్న నియమం ఇక్కడ నేర్చుకుంటే ఇక మరిచిపోరు.

రెండోది ఎండ బాగా ఉన్న రోజు చేసే పని. చిన్న అద్దం మీద మందపాటి కాగితం అంటించి, మధ్యలో 5 మిల్లీమీటర్ల నలుచదరపు కన్నం కోయండి. కిటికీ దగ్గర ఎండ తగిలేలా పెట్టి, వెలుగు గది లోపలి గోడ మీద పడేలా తిప్పండి. ఆ వెలుగుకి అడ్డంగా ఒక అట్టని అద్దానికి దగ్గరగా పట్టుకుంటే మచ్చ నలుచదరంగా ఉంటుంది. వెనక్కి జరుగుతూ పోతే అంచులు కరిగి, ఆరు మీటర్ల దూరంలో గుండ్రమవుతుంది. కన్నం నలుచదరం, మచ్చ గుండ్రం. ఇదెలా? ఆ గుండ్రం సూర్యుడి బొమ్మ. చెట్ల కింద నేల మీద పడే గుండ్రటి ఎండ మచ్చలు కూడా సూర్యుడి బొమ్మలే, ఆకుల సందులు ఏ ఆకారంలో ఉన్నా.

పదేళ్లు దాటినవాళ్లు ఇక్కడితో ఆగనక్కర్లేదు. అద్దం నుంచి గోడకి 6 మీటర్లుంటే మచ్చ వ్యాసం 6.1 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కన్నం తన వెడల్పుని మచ్చకి కలుపుతుంది కాబట్టి అందులోంచి 5 మిల్లీమీటర్లు తీసేయాలి. మిగిలినదాంతో దూరాన్ని భాగిస్తే సుమారు 107 వస్తుంది. సూర్యుడు మనకి దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సూర్యుడి దూరానికీ వ్యాసానికీ మధ్య కూడా ఇదే నిష్పత్తి కాబట్టి దాన్ని 107తో భాగిస్తే 14 లక్షలు. అసలు వ్యాసం 13.9 లక్షల కిలోమీటర్లు! ఇంట్లో ఒక అద్దం ముక్కతో సూర్యుణ్ణి కొలిచిన పిల్లకి ఆ సంఖ్య ఇక పుస్తకంలోది కాదు. మచ్చ కోడిగుడ్డులా సాగితే వెలుగు గోడకి ఏటవాలుగా పడుతోందని అర్థం. అట్టని వెలుగుకి ఎదురుగా తిప్పి పట్టుకోవాలి. అద్దంలోకి గానీ, కన్నంలోంచి సూర్యుడి వైపు గానీ ఎవరూ చూడకూడదు, వెలుగు ఎవరి కళ్లలోకీ కొట్టకూడదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఈ పని వద్దు.

స్ఫటికాలు పెంచడం చాలా ఇళ్లలో చేస్తారు, చాలా ఇళ్లలో చెడుతుంది. కారణం ఉప్పు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో మామూలు వేడి దగ్గర 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. మరిగించినా ఇంకో మూడు గ్రాములు మాత్రమే. అందుకే ఉప్పునీళ్లు చల్లారితే దాదాపు ఏమీ బయటికి రాదు, రోజుల తరబడి ఆరాలి. పటిక అలా కాదు. 50 డిగ్రీల దగ్గర 36 గ్రాములకి పైగా, 20 డిగ్రీల దగ్గర 14 గ్రాములే కరుగుతుంది. కాబట్టి 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 25 గ్రాముల పటిక పొడి కరిగించి, కదపకుండా రాత్రంతా వదిలేయండి. గది బాగా వేడిగా ఉంటే ఇంకో ఐదు గ్రాములు వేయండి. పొద్దున అడుగున చిన్న స్ఫటికాలుంటాయి. చక్కటిదాన్ని ఏరి సన్నని నైలాన్ దారానికి కట్టి, పైనున్న తేట ద్రావణంలో వేలాడదీయాలి. ద్రావణం గోరువెచ్చగా ఉన్నా కట్టింది కరిగిపోతుంది. నూలు దారం వద్దు, దాని నూగుకి వందల చిన్న స్ఫటికాలు పట్టి ముద్దవుతుంది. వేడినీళ్లు పోసేది పెద్దవాళ్లే. నోట్లో పెట్టుకోకూడదని ముందే చెప్పండి.

ఐదారేళ్లవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు. వేర్వేరు ఆకారాల గిన్నెలిచ్చి, దేనిలో ఎక్కువ గ్లాసుల నీళ్లు పడతాయో అంచనా వేయించి, పోయించండి. పొడవుగా సన్నగా ఉన్నదాన్నే చూపిస్తారు. సరిదిద్దకండి, పోయనివ్వండి.

ఇక రాత పని. "సెలవులు ఎలా గడిచాయో రాయి" అంటే నాలుగు వాక్యాల్లో ముగించేస్తారు. దాని బదులు కాగితం పడవ చేసే విధానం రాయమనండి, బొమ్మలు గీయకుండా. రాసింది రాసినట్టు మీరు చేసి చూపించండి. "సగానికి మడవాలి" అని ఉంటే కావాలనే నిలువుగా మడవండి. "కాదు, అడ్డంగా!" అని అరుస్తారు. పెన్ను వాళ్ల చేతికిచ్చి, ఆ మాట కాగితం మీద చేర్చమనండి. మూడో నాలుగో సవరణకి వాక్యాలు స్పష్టపడతాయి. ఆ కాగితాన్ని అసలు పడవ చేయడం రానివాళ్లకిచ్చి, పిల్లల్ని నోరు మెదపకుండా పక్కన కూర్చోబెట్టండి.