రూపాయి బిళ్లనా, బ్యాటరీనా?

యాంకర్: హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం, హాలియా దగ్గర్నుంచి. మా బాబుకు రెండేండ్లు. ఏందో గుండ్రంగున్నది మింగిండు. రూపాయి బిళ్లనే కావచ్చు. మా అత్తమ్మ అరటిపండు తినిపియ్యమంటున్నది, దొడ్డికి పోతే పడిపోతదంట.

డాక్టర్: పండు పక్కన పెట్టమ్మా. ఎంతసేపైంది?

కాలర్: గంట గాలే సార్. చొంగ కారుతనే ఉన్నది. పాలు తాపితే కక్కిండు.

డాక్టర్: అప్పుడు దేంతోని ఆడుకుంటున్నడు?

కాలర్: లైట్ల బొమ్మతోని.

డాక్టర్: ఆ బొమ్మ తెచ్చి వెనక చూడు తల్లీ.

కాలర్: మూత ఊడింది సార్... లోపల ఖాళీగున్నది.

డాక్టర్: అది బ్యాటరీ బిళ్లే అనుకో. ఇప్పుడే బయల్దేరు. 108కి చెయ్యి, ఆలస్యమైతే దొరికిన బండెక్కు. నల్గొండ పెద్దాసుపత్రిల ‘బ్యాటరీ మింగిండు’ అని మొట్టమొదటి మాటే చెప్పు, లైన్ల నిలబడకు. ఇంట్ల తేనె ఉన్నదా?

కాలర్: ఉన్నది సార్.

డాక్టర్: సీసా పట్టుకొని ఎక్కు. బాబు మింగగలిగితేనే, చిన్న చెంచాతోని 2 చెంచాలు, 10 నిమిషాలకోసారి, 6 సార్లకు మించొద్దు. వేరే ఏదీ పెట్టకు, కక్కియ్యకు. పో తల్లీ.

యాంకర్: తేనె అందరు పిల్లలకూ ఇవ్వొచ్చా సార్?

డాక్టర్: ఏడాది నిండనోళ్లకు వద్దు. తేనె కోసం దుకాణానికి పోయి టైం పోగొట్టుకోవద్దు. 20 మిల్లీమీటర్ల బ్యాటరీ మన కొత్త రూపాయి బిళ్లంతే ఉంటది. అన్నవాహికలో ఇరుక్కుంటే తడికి కరెంటు పారి, ఘాటు క్షారం పుట్టి కండను కాలుస్తది. పగలక్కర్లేదు, కారక్కర్లేదు. 2 గంటల్లోనే పుండు పడొచ్చు. ఎక్స్‌రేలో అంచు రెండు గీతలుగా కనపడితే బ్యాటరీ అని అనుమానిస్తం. మత్తిచ్చి, నోట్లోంచి కెమెరా గొట్టం దించి, చిన్న వలతోనో పట్టకారుతోనో తీస్తరు. కోత ఉండదు. నా దగ్గరికి ఒక పాపను మూడోరోజు తెచ్చిండ్రు, అప్పటిదాకా అరటిపండ్లే పెట్టిండ్రు. కెమెరాలో కనపడ్డ ఆ నల్లగా మాడిన కండ ఇప్పటికీ నా కండ్లల్ల మెదుల్తది.

యాంకర్: నిజంగా రూపాయి బిళ్లయితే?

డాక్టర్: కడుపులోకి దిగితే చాలావరకు దానంతటదే పోతది. కానీ ఏదని తేల్చేది ఎక్స్‌రే, మన అంచనా కాదు.

యాంకర్: గద్వాల నుంచి ఇంకో కాల్.

కాలర్: సార్, రాత్రి జూరాల చేప తిన్న. ముల్లు గుచ్చుకున్నది. నాలుగు అన్నం ముద్దలు మింగిన, ఇంకా పొడుస్తనే ఉన్నది.

డాక్టర్: ఐదో ముద్ద మింగకు అన్నా, ముల్లు ఇంకా లోపలికి దిగుతది. ఏం తినకుండ ఇయ్యాల్నే గొంతు డాక్టరు దగ్గరికి పో. చేప ముల్లు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ‘ఏం లేదు’ అని పంపినా నొప్పి తగ్గకపోతే, గొట్టం వేసి చూడమని అడుగు.