ఫస్ట్ సండే ఫ్రీ కదా అని ఫ్లోరెన్స్ వెళ్తే...

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ముందే ఒక సారీ చెప్పేస్తున్నా. ఇవాళ నా గొంతు ఇంత బొంగురుగా ఉందేంటి, మైక్ పాడైందా అని అడగకండి. మైక్ బానే ఉంది. దీనికో కథ ఉంది, చివర్లో చెప్తా.

కొత్తగా చూస్తున్న వాళ్ల కోసం: నేనూ మా ఆయనా ఇద్దరం ఇటలీలోని పాదోవా యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాం. 1222లో మొదలైన యూనివర్సిటీ ఇది. గెలీలియో 1592 నుంచి 1610 దాకా ఇక్కడే పాఠాలు చెప్పాడు. అడ్మిషన్ వచ్చిన రోజు ఈ ముక్క మా నాన్నకి గొప్పగా చెప్తే, అంతా విని "సరేనమ్మా, ప్లేస్‌మెంట్లు ఎలా ఉంటాయి?" అన్నారు.

మేమిద్దరం బీటెక్ క్లాస్‌మేట్స్‌మి. మామూలుగా పేర్లతోనే పిలుచుకుంటాం. కానీ ఖమ్మంలో మా అత్తగారు ఒక్క వీడియో కూడా మిస్సవ్వరు కాబట్టి కెమెరా ఆన్ అయితే "ఏవండీ", ఆఫ్ అయితే మామూలే. ఈ ట్రిప్‌లో ఒకచోట ఆ రూల్ తప్పింది. ఆ క్లిప్ కట్ చేశాం.

ఇంతకీ ప్లాన్ ఎక్కడ పుట్టిందంటే, ఇటలీలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకి టికెట్ ఉండదు. మిగతా రోజుల్లో 18 నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లకి రెండు యూరోల టికెట్ ఉంటుంది గానీ అది యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకే. మన స్టూడెంట్ కార్డు చూపిస్తే కౌంటర్లో నవ్వుతూనే ఫుల్ టికెట్ చేతిలో పెడతారు. అందుకని మార్చిలో మొదటి ఆదివారానికి ఫ్లోరెన్స్‌లో ఉండేలా లెక్క వేశాం. శుక్రవారం రావెన్నా, శనివారం బొలోన్యా. ఫాస్ట్ ట్రైన్ల జోలికి పోలేదు, అన్నీ రెజియొనాలేలే. మన ప్యాసింజర్ బండి అనుకోండి. పొద్దున్నే లేచి చింతపండు పులిహోర కలిపాను. ఈ చలికి రెండ్రోజులు ఢోకా ఉండదు.

మొదటి ట్రైన్‌లోనే ఒక పొరపాటు చేశాం. మెషిన్‌లో పేపర్ టికెట్ కొన్నాం, పరిగెత్తుకుంటూ ఎక్కేశాం, సీట్లో కూర్చుని వాటర్ బాటిల్ మూత తీశాక గుర్తొచ్చింది, ప్లాట్‌ఫామ్ దగ్గర చిన్న మెషిన్‌లో టికెట్ పెట్టి తేదీ, టైమ్ ముద్ర వేయించుకోలేదని. ఆ ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే, ఫైన్ కట్టాలి. నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. వాళ్లు మన దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా మనమే ముందు వెళ్లి చెప్పేద్దామని మా ఆయన లేచి వెళ్లారు. టీసీ గారు ఒకసారి ఈయన ముఖం చూసి, జేబులోంచి పెన్ను తీసి టికెట్ మీద తేదీ రాసి సంతకం పెట్టేశారు. అంతే! అంతకుముందు రెండు నిమిషాల్లో నేను ఫైన్‌ని రూపాయల్లోకి మార్చి, దాన్ని ఎన్ని పూటల భోజనమో కూడా లెక్కగట్టేశాను.

ట్రైన్లో అనౌన్స్‌మెంట్లు వింటుంటే ఒకటి గమనించండి. "ప్రోస్సిమా ఫెర్మాతా", "బినారియో త్రే". అన్నీ మనలాగే అచ్చుతోనే ఆగుతాయి. ఒత్తులు కూడా మనవాళ్లకి పుట్టుకతో వచ్చిందే. నా క్లాసులో జర్మనీ అమ్మాయి "పెన్నే" (గొట్టాల్లా ఉండే పాస్తా) అనలేక "పేనే" అంటుంది. ఆ ఒత్తు మింగేస్తే అర్థం ఎక్కడికి పోతుందో ఈ ఛానల్‌లో చెప్పలేను, అత్తగారు చూస్తారు.

ఫెర్రారాలో బండి మారి రావెన్నా చేరేసరికి పదకొండు దాటింది. నిజం చెప్పాలంటే రావెన్నా మీద నాకు పెద్ద ఆశల్లేవు. దారిలో ఉంది కదా అని పెట్టుకున్నాం. గాల్లా ప్లాచీదియా సమాధి మందిరం అని ఐదో శతాబ్దం నాటిది, బయట నుంచి చూస్తే ఇటుకల గది. మా తణుకులో రైస్ మిల్లు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ గది ఇంతకంటే ఎత్తుగా ఉంటుంది. లోపల ఐదు నిమిషాలే ఉండాలన్నారు. ఈ గదికి ఐదు నిమిషాలు ఎందుకనుకుంటూ తల వంచుకుని లోపలికి వెళ్లాం.

లోపల చీకటి. కిటికీలకి అద్దాలు లేవు, అలబాస్టర్ అనే రాతిని పల్చగా పలకలు కోసి బిగించారు. వాటిలోంచి తేనె రంగు వెలుతురు వస్తుంది. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేకొద్దీ తల మీద నీలం, ఆ నీలం నిండా బంగారు నక్షత్రాలు. పెయింటింగ్ కాదండీ, ఒక్కొక్కటీ గోరంత గాజు ముక్క. బంగారు ముక్కలు ఎలా చేస్తారంటే, గాజు మీద బంగారు రేకు పరిచి, దాని మీద మళ్లీ పల్చటి గాజు పొర కప్పుతారు. గోడకి అతికేటప్పుడు సమంగా పెట్టరు, కావాలనే ఒక్కోదాన్ని ఒక్కో వైపు కాస్త వంచుతారు. అందుకే మనం అటొక అడుగు ఇటొక అడుగు వేస్తే వెలుగు కూడా ఒక ముక్క మీంచి ఇంకో ముక్క మీదకి గెంతుతుంది. మా ఆయన ఆ ఐదు నిమిషాలూ హారతి పళ్లెంలాగా తల తిప్పుతూనే ఉన్నారు. ఫోన్‌లో మాత్రం ఏమీ రాలేదు. ఇప్పుడు మీరు చూస్తున్నది అందులో పదో వంతు కూడా కాదు.

పక్కనే సాన్ వితాలే చర్చి. 547లో ప్రతిష్ఠ చేశారు. గోడ మీద జస్టీనియన్ చక్రవర్తి ఒక వైపు, ఎదురుగా రాణి థియొడోరా. రాణిగారి కిరీటం నుంచి భుజాల దాకా ముత్యాల సరాలు వేలాడుతున్నాయి, మెడ కనిపించకుండా నగలు. మా అమ్మమ్మ ఉంటే ముందు తూకం అడిగేది. నాకు నచ్చింది మాత్రం ఆవిడ బట్టల అంచు. ఏసు పుట్టినప్పుడు కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానుల్ని ఆ అంచు మీద బుల్లి బొమ్మలుగా వేశారు. అచ్చం పెడన కలంకారీ అంచులాగే ఉంది. ఈ బొమ్మ పూర్తయ్యాక ఏడాదికల్లా, 548లో, ఆవిడ చనిపోయింది.

ఇటలీ మహాకవి డాంటే సమాధి కూడా రావెన్నాలోనే ఉంది. ఈ కథ మా ఆయనకి తెగ నచ్చింది. డాంటేది ఫ్లోరెన్స్. రాజకీయాల వల్ల 1302లో ఊరు నుంచి వెళ్లగొట్టారు. తిరిగి వెళ్లలేకే 1321లో రావెన్నాలో పోయాడు. తర్వాత పేరు ప్రపంచమంతా పాకాక, మా కవిని మాకిచ్చేయండి అని ఫ్లోరెన్స్ వాళ్లు వచ్చారు. 1519లో పోప్ ఒప్పుకున్నాడు కూడా. తీరా సమాధి తెరిస్తే ఖాళీ! అక్కడి సన్యాసులు వెనక గోడకి కన్నం పెట్టి ఎముకలు తీసి దాచేశారు. ఎక్కడ దాచారో అందరూ మర్చిపోయాక, 1865లో మరమ్మతులు చేస్తుంటే ఒక పెట్టెలో దొరికాయి. ఇప్పటికీ సమాధిలో వెలిగే దీపానికి నూనె మాత్రం ఫ్లోరెన్స్ నుంచే వస్తుంది. "వెళ్లగొట్టినోళ్లే నూనె పొయ్యాలె, మంచి శిక్ష" అన్నారు మా ఆయన. ఆయనకి ఖమ్మం భాష సంతోషంలోనే వస్తుంది.

మధ్యాహ్నం పియదీనా తిన్నాం. మైదాతో చేసే పల్చటి రొట్టె, లోపల మెత్తటి చీజ్, కొంచెం వగరుగా ఉండే ఆకు. పులిహోర డబ్బా కూడా తెరిచాం. పార్కు బెంచీ మీద, ఎవరూ చూడకుండా, చేత్తోనే.

శనివారం బొలోన్యా. తిండికి ఇటలీ మొత్తంలో పేరున్న ఊరు, అందులోనూ మాంసానికి. మా ఆయన శనివారం నాన్‌వెజ్ ముట్టరు. ఈ రెండూ ఒకే రోజు పడేలా ప్లాన్ చేసింది ఎవరంటే నేనే. ఊరంతా ఆయన షాపుల కిటికీల ముందు ఆగి మోర్తదెల్లా అనే పంది మాంసం సాసేజ్‌ని చూస్తూ నడిచారు. చివరికి రికొత్తా చీజ్ నింపిన తోర్తెల్లోనీ పాస్తా, వెన్నలో వేయించిన సేజ్ ఆకుతో తిన్నాం. బాగుంది. బిల్లులో కూర్చున్నందుకు మనిషికింత అని కొపెర్తో వేస్తారు, అది ముందే చూసుకోండి. కాఫీ అయితే ఎప్పుడైనా కౌంటర్ దగ్గర నిలబడే తాగండి, కూర్చుంటే రేటు మారిపోతుంది.

ఆసినెల్లీ టవర్ 97 మీటర్లు. డిగ్రీ రాకముందు ఎక్కితే ఇంక డిగ్రీ రాదని బొలోన్యా స్టూడెంట్లు నమ్ముతారు. మా ఇద్దరికీ థీసిస్ పెండింగ్. దూరం నుంచే దండం పెట్టి పక్కకి వచ్చేశాం.

దానికి బదులు సాన్ లూకా కొండెక్కాం. ఊళ్లోంచి కొండ మీది చర్చి దాకా దాదాపు నాలుగు కిలోమీటర్లు, మొత్తం దారికి కప్పు ఉంది. 666 కమానులు! ఏటా అమ్మవారి పటాన్ని ఊరేగింపుగా కిందికి తెస్తారు, ఆ ఊరేగింపు వానలో తడవకూడదని 1674లో కట్టడం మొదలుపెట్టారట. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకి ఇది ఒక లెక్కా అని నేను వీడియో తీస్తూ, మాట్లాడుతూ, చల్లగాలి మింగుతూ ఎక్కాను. పక్క నుంచి డెబ్బై ఏళ్ల తాతగారు ఒకాయన జాగింగ్ చేసుకుంటూ మమ్మల్ని దాటి వెళ్లిపోయారు. పైకి వెళ్లేసరికి నా మాట సగమే బయటికి వస్తోంది. అయినా మాట్లాడటం ఆపలేదు.

ఇంక ఆదివారం, ఫ్లోరెన్స్. ఏ ఫ్రీ కోసం మూడు వారాలు ప్లాన్ చేశామో ఆ రోజు. ఒక పెద్ద మ్యూజియం ముందు పొద్దున ఎనిమిదింటికే లైన్లో నిలబడ్డాం. ఫ్రీ అనేది మా ఇద్దరికే కాదు, దేశానికంతటికీ తెలుసు. గంటా యాభై నిమిషాలు నిలబడ్డాక వెనక్కి తిరిగి చూస్తే లైన్ మొదట్లో మేము చూసిన ఐస్‌క్రీమ్ షాపు ఇంకా కనిపిస్తోంది. "ఇంకో గంట ఆగుదాం" అన్నారు ఆయన. ఇందాక చెప్పిన కట్ చేసిన క్లిప్ ఇక్కడిదే.

లైన్లోంచి బయటికి వచ్చేసి ఊరు తిరిగాం. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం అసలుది మ్యూజియంలో ఉంది, దాని నకలు 1910 నుంచి పియాజ్జాలో, అంటే ఊరి చౌక్‌లో, ఎండలో నిలబడి ఉంది, ఎంతసేపు చూసినా ఎవరూ అడగరు. ఊరి పెద్ద చర్చి మీద బ్రూనెల్లెస్కీ కట్టిన డోమ్‌కి మెడ నొప్పెట్టేదాకా కింది నుంచే దండం. సాంతా క్రోచే చర్చి ముందు డాంటే విగ్రహం ఉంది, లోపల ఆయన పేరుతో సమాధి కూడా ఉంది. ఖాళీది. రావెన్నా చూసొచ్చాం కాబట్టి ఇద్దరం పగలబడి నవ్వాం.

మధ్యాహ్నం ఎక్కడ కూర్చోవాలా అని ఫోన్‌లో మ్యాప్ జరుపుతుంటే, ఊరికి ఒక చివర, కాషీనే పార్కు అంచున "ఇందియానో" అన్న పేరు కనిపించింది. పక్కనే వంతెన పేరు కూడా అదే. ఏ రెస్టారెంటో అనుకుని, ఆర్నో నది పక్కనే నడుచుకుంటూ వెళ్లాం. పార్కే మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది.

అది రెస్టారెంట్ కాదు. స్తంభాల మీద ఒక ఛత్రి, దాని కింద తలపాగా కట్టుకున్న ఒక కుర్రాడి విగ్రహం. కొల్హాపూర్ మహారాజు రాజారాం. ఇంగ్లండ్ చూసి ఇంటికి తిరిగి వెళ్తూ దారిలో ఫ్లోరెన్స్‌లో జబ్బుపడి 1870 నవంబర్ 30న చనిపోయాడు. వయసు 20. అప్పటికి ఫ్లోరెన్సే ఇటలీ రాజధాని. శవాన్ని దహనం చేయడం అక్కడి వాళ్లు ఎరగని పని. ప్రత్యేకంగా అనుమతి ఇస్తే, ముగ్నోనే అనే చిన్న ఏరు ఆర్నోలో కలిసేచోట, మన పద్ధతిలోనే చేశారు. ఈ విగ్రహం 1874లో పెట్టారు. వంతెన వందేళ్ల తర్వాత, 1978లో వచ్చింది. దానికీ ఆ కుర్రాడి గుర్తుగానే పేరు పెట్టారు.

20 ఏళ్లకి మేమిద్దరం సప్లీలు రాసుకుంటున్నాం. బయట చదువుకునే మనవాళ్లందరి ఫోన్లలోనూ ఎప్పుడో ఒకసారి ఆ మెసేజ్ వచ్చే ఉంటుంది, ఫలానా అబ్బాయి పోయాడు, ఇంటికి పంపడానికి తలా కొంత వేయండి అని. నాకు పోయినేడాది వచ్చింది. అక్కడ కెమెరా నేనే ఆపేశాను, అందుకే మీకు ఫొటో ఒక్కటే కనిపిస్తోంది.

అప్పుడే అత్తగారు వీడియో కాల్ చేశారు. ఆవిడకి విగ్రహం చూపించి కథ చెప్పాం. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎవరి బిడ్డనో పాపం. దండం పెట్టుకున్నరా?" అని అడిగారు. పెట్టుకున్నాం అన్నాం. "తిన్నరా మరి?" అన్నారు. అక్కడే బెంచీ మీద కూర్చుని, బ్యాగ్ అడుగున మిగిలిన చేగోడీలు తిన్నాం.

రాత్రి ట్రైన్‌కి పాదోవా వచ్చేశాం. ఈసారి టికెట్‌కి ముద్ర వేయించిందీ లేనిదీ మూడుసార్లు చూసుకున్నాను. సోమవారం లేచేసరికి గొంతు పూర్తిగా పోయింది. ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న మందుల షాపుకి వెళ్తే నాకు మాట రావట్లేదు, మా ఆయన చెప్పడానికి ఆయనకి ఆ పదం తెలియదు. నేను గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాను. కౌంటర్ ఆవిడ "ఆ, మాల్ ది గోలా!" అంది.

ఇటాలియన్‌లో గొంతుని గోలా అంటారటండీ. మా ఆయన కౌంటర్ పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. మందు డబ్బా మీద కూడా అదే పేరు, పెద్ద అక్షరాల్లో ఉంది. రోజుకి మూడు చప్పరించమన్నారు, నాలుగు రోజులు మాట్లాడొద్దన్నారు. ఇవాళ రెండో రోజు.