నాన్న బ్యాచ్ పుస్తకం

అందరికీ నమస్కారం.

మా నాన్న ఒక చిన్న డెయిరీలో ఐస్‌క్రీమ్ సెక్షన్ చూసేవారు. బడికి సెలవైతే చాలు, నేనూ వెంటపడి వెళ్ళేదాన్ని. గేటు దాటగానే ఆవిరి, సబ్బు నీళ్ళు, వేడి పాలు, కోల్డ్ రూమ్ తలుపు తీసినప్పుడల్లా కాళ్ళకు తగిలే చల్లగాలి, అన్నీ కలిసి ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా సిమెంటు నేల మీద వేడినీళ్ళు కొట్టి కడుగుతుంటే నేను ఒక్క క్షణం ఆగిపోతాను.

అలాంటి డెయిరీల గురించి ఎవరిని కదిలించినా ఒకటే మాట, అప్పటి పాల రుచే వేరు, ఆ ఐస్‌క్రీమ్ రుచే వేరు అని. వెంటనే పక్కన ఇంకొకరు, చిన్నప్పుడు ఏం తిన్నా బాగానే ఉంటుందిలే అని కొట్టిపారేస్తారు. అలా కొట్టిపారేస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ రుచి నిజంగానే వేరు. దానికి కారణాలున్నాయి, ఆ కారణాల మధ్యనే మా నాన్నలాంటి వాళ్ళు జీవితమంతా నిలబడి పనిచేశారు. అందుకే ఈరోజు ఆ పని గురించే మాట్లాడతాను.

ముందు పాల సంగతి చూద్దాం. గాజు సీసా ఎత్తి చూస్తే పైన మీగడ, కింద పాలు, మధ్యలో గీత గీసినట్టు ఉండేది, గుర్తుందా? పాలలోని కొవ్వు కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా ఉంటుంది, సగటున 3, 4 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అవి నీటికంటే తేలిక కాబట్టి గుంపులు కట్టి పైకి తేలతాయి. హోమోజినైజర్ అనే యంత్రం ఆ పాలను గట్టి ఒత్తిడితో సన్నటి సందులోంచి నెట్టి, బొట్లను 1 మైక్రాన్‌కంటే చిన్నవిగా పగలగొడుతుంది. ఇక అవి తేలవు, మీగడ కట్టదు, సీసా పైనుంచి కింద దాకా ఒకేలా ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆగస్ట్ గోలాన్ 1899లో ఈ యంత్రానికి పేటెంట్ తీసుకుని, 1900లో పారిస్ ప్రదర్శనలో జనానికి చూపించాడు. అయినా పాలకు దాన్ని వాడటం అందరికీ అలవాటు కావడానికి చాలా ఏళ్ళే పట్టింది, ఎందుకంటే ఇంటివాళ్ళు మీగడ గీత చూసే పాల మంచిచెడ్డలు తేల్చేవారు. మీగడ విడిగా నిలబడేలా మెడ ఉబ్బెత్తుగా చేసిన సీసాలు కూడా వచ్చాయంటే దానికి ఎంత విలువుండేదో ఊహించుకోండి.

ఆ మీగడ రుచి పిట్టలకు కూడా తెలుసు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గర 1921లోనే, గుమ్మం ముందు పెట్టిన పాల సీసాల మూతలు చించి పిట్టలు మీగడ తాగుతున్నాయని రాసిపెట్టారు. తర్వాత ఆ అలవాటు ఊరూరా కనిపించింది. అందులో ముందున్నది బ్లూ టిట్ అనే గుప్పెడు కూడా లేని పిట్ట. ఇద్దరు పరిశోధకులు, ఫిషర్, హైండ్, 1949లో దీని మీద ఒక వ్యాసమే రాశారు. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

రెండోది వేడి. పాలలోని రోగక్రిములు చావడానికి వేడి చేస్తారు, దీన్నే పాశ్చరైజ్ చెయ్యడం అంటారు. చిన్న డెయిరీల్లో పాలను పెద్ద తొట్టిలో పోసి 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచేవారు. పెద్ద ప్లాంట్లలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లలో పని అయిపోతుంది. ఈ రెండింటికీ రుచిలో తేడా చెప్పడం కష్టం. కానీ నెలల తరబడి నిలవుండే పాలను 135 డిగ్రీలు, ఆ పైన కొన్ని సెకన్లు కాస్తారు, దాంతో ఒక ఉడుకు వాసన వస్తుంది. చిన్నప్పుడు సీసా పాలు తాగి, పెద్దయ్యాక ఆ డబ్బా పాలు తాగినవాళ్ళు రుచి మారిందంటే అది భ్రమ ఎలా అవుతుంది?

మూడోది మేత. పచ్చగడ్డి దండిగా దొరికే రోజుల్లో ఆవుపాల మీగడ పసుపు తిరుగుతుంది. గడ్డిలోని కెరోటిన్ అనే రంగు పదార్థం కొవ్వులోకి దిగడం వల్ల వచ్చే రంగు అది. ఎండుమేత రోజుల్లో తెల్లబడుతుంది. చిన్న డెయిరీకి చుట్టుపక్కల నాలుగైదు మందల పాలే వస్తాయి కాబట్టి కాలం మారితే సీసాలో తెలిసిపోయేది. వందల చోట్ల నుంచి వచ్చిన పాలు ఒకే ట్యాంకులో కలిపి, వెన్న శాతం ఒక లెక్కకు తెచ్చి పంపితే ఆ తేడా కలిసిపోతుంది. అందులో తప్పేమీ లేదు, కానీ మా సీసా ఏ కాలం నడుస్తోందో చెప్పేది.

పాత రోజులన్నీ బంగారమని మాత్రం చెప్పను. నీళ్ళు కలిపిన పాలు, మీగడ తీసేసిన పాలు, రోగం మోసుకొచ్చిన పాలు, అన్నీ ఉన్నాయి. న్యూయార్క్‌లో నేథన్ స్ట్రాస్ అనే వ్యాపారి 1893లో పేద పిల్లల కోసం పాశ్చరైజ్ చేసిన పాల కేంద్రాలు తెరవాల్సి వచ్చిందంటే పరిస్థితి అలా ఉండేది మరి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే శాస్త్రవేత్త 1890లో వెన్న శాతం కొలిచే పరీక్ష కనిపెట్టి, పేటెంట్ తీసుకోకుండా అందరికీ వదిలేశాడు. నాకు ఆయనంటే ఎంతో గౌరవం. మా డెయిరీ ల్యాబులో ఆ పరీక్ష చేస్తుంటే చూశాను. సన్న మెడ ఉన్న గాజు బుడ్డిలో పాలు పోసి, పక్క నుంచి మెల్లగా యాసిడ్ దించితే పాలు క్షణంలో ముదురు గోధుమరంగుకు తిరిగేవి, బుడ్డి చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. తర్వాత గిరగిరా తిప్పితే కొవ్వంతా మెడలోకి ఎక్కి బంగారు రంగు కడ్డీలా నిలబడేది. గీతలు లెక్కపెట్టి రాసుకునేవారు. నిజాయితీగా పాలు పోసే రైతుకు ఆ గీతలే సాక్ష్యం.

ఇక ఐస్‌క్రీమ్. డెయిరీలకు ఐస్‌క్రీమ్ అబ్బడానికి కారణం మిగిలిపోయిన క్రీమ్. అమెరికాలోని బాల్టిమోర్‌లో జేకబ్ ఫసెల్ అనే పాల వ్యాపారి దగ్గర క్రీమ్ మిగిలిపోతుంటే, పారబొయ్యలేక 1851లో ఐస్‌క్రీమ్ చేసి పెద్ద ఎత్తున అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు ముందే, 1843లో, నాన్సీ జాన్సన్ అనే ఆవిడ చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ మిషన్‌కు పేటెంట్ తీసుకుంది. పాలు ఎక్కువగా వచ్చే రోజుల్లో క్రీమ్ ఏం చెయ్యాలన్నది ప్రతి డెయిరీకీ తలనొప్పే, మాదీ అంతే.

మా నాన్న ముందురోజు మిక్స్, అంటే పాలు, క్రీమ్, చక్కెర కలిపిన మిశ్రమం, కాచి, చల్లార్చి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచేవారు. ఆ నిలవలో కొవ్వు గట్టిపడుతుంది, పొడి పదార్థాలు నీళ్ళు పీల్చుకుంటాయి, మిక్స్ చిక్కబడుతుంది. తొందరపడి ఆ రాత్రి ఎగ్గొడితే ఐస్‌క్రీమ్ త్వరగా, నీళ్ళగా కరుగుతుంది. పొద్దున్నే దాన్ని ఫ్రీజర్ సిలిండర్‌లో పోసేవారు. లోపల బ్లేడ్లు గోడకు పట్టిన మంచును గీకుతూ, గాలి కలుపుతూ తిరుగుతాయి. గట్టిపడే కొద్దీ మోటారు బరువుగా మూలుగుతుంది, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపే అమ్మీటర్ ముల్లు పైకి పాకుతుంది. నాన్న ముల్లు వైపు చూసేవారు కాదు, తల కాస్త వంచి వినేవారు. ఒక్కసారి చెయ్యెత్తి "ఇప్పుడు" అనేవారు, వాల్వు తెరిచేవారు.

మైనస్ 5, 6 డిగ్రీల దగ్గర మెత్తగా, మడతలు మడతలుగా దిగేది. ఆ దశలో నీటిలో సగం దాకానే గడ్డకట్టి ఉంటుంది, మంచు పలుకులు ఇంకా పెరగవు, నాలుకకు పట్టులా తగులుతుంది. నాన్న పొడుగాటి స్టీలు చెంచాతో వాల్వు కింద పట్టి నాకిచ్చేవారు. నేను జీవితంలో తిన్న అన్ని ఐస్‌క్రీముల్లోకీ అదే మంచిది. కొట్లో కొన్న డబ్బా దానికి సాటి రాకపోవడానికి కారణం, డబ్బా గట్టిపడే గదిలోకి వెళ్ళి, లారీ ఎక్కి, కొట్లో దిగి, కాస్త కరిగి, మళ్ళీ గడ్డకట్టి ఇంటికొస్తుంది. కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ మంచు పలుకులు పెరుగుతాయి. 50 మైక్రాన్లు దాటితే నాలుకకు గరుగ్గా తెలుస్తుంది. డెయిరీ పక్కనే ఉన్నవాళ్ళకు ఆ ప్రయాణం లేదు, అంతే.

గాలి మాట కూడా చెప్పాలి. లీటరు మిక్స్ దాదాపు 1,100 గ్రాములుంటుంది. అందులో అంతే గాలి కలిపితే రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ అవుతుంది, లీటరుకు 550 గ్రాములే. గాలి తక్కువ కలిపితే అదే లీటరు 800 గ్రాములు తూగుతుంది. గాలి లేకపోతే ఐస్‌క్రీమ్ రాయే, అది అవసరమే. కానీ ఎక్కడ ఆపాలన్నది చేసేవాళ్ళ మనసు మీద ఉంటుంది. డబ్బా చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉండాలనేవారు నాన్న.

తర్వాత ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చాయి, సూపర్ మార్కెట్లు వచ్చాయి, రోజూ సీసా కోసం ఎదురుచూడాల్సిన అవసరం పోయింది. అమెరికాలో 1963లో కూడా దాదాపు 30 శాతం పాలు ఇంటికే వచ్చేవి, 2005 నాటికి అది అర శాతం కూడా లేదు. చిన్న డెయిరీలకు కొత్త యంత్రాలు కొనే శక్తి లేక ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాదీ మూతపడింది. ఆ రోజు గురించి ఎక్కువ మాట్లాడలేను.

నాన్న బ్యాచ్ పుస్తకం తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది, వెళ్ళేటప్పుడు చూడండి. పాల పనిలో ఉన్నవాళ్ళు మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే, దయచేసి ఈ వారంలోనే కూర్చోబెట్టి అడగండి, ఏ శబ్దానికి వాల్వు తిప్పేవారో, చెయ్యి పెట్టి వేడి ఎలా చూసేవారో. అవి ఏ పుస్తకంలోనూ లేవు. నాన్న పుస్తకంలో ప్రతి పేజీకీ తేదీ, మిక్స్ ఎన్ని లీటర్లు, వెన్న శాతం, తీసినప్పటి చలి, చివర రిమార్కుల గడి. ఎన్నో ఏళ్ళు ఆ గడి ఖాళీగానే వదిలేశారు, ఏదైనా తేడా వస్తేనే రాసేవారు. డెయిరీ మూసిన రోజు బ్యాచ్‌కు మాత్రం, ఏ తేడా రాకపోయినా, ఒక మాట రాశారు. "బాగా వచ్చింది."