తిరిగే కర్ర

శ్రోతలకు నమస్కారం. వంటింట్లో ఉన్నవాళ్లు ఓ గరిటె అందుకోండి. సరిగ్గా మధ్యలో వేలి మీద పెట్టి చూడండి. నిలవదు, బరువున్న తల వైపు ఒరిగిపోతుంది. వేలిని అటు కాస్త జరిపితే నిలుస్తుంది. పరేడ్లలో అమ్మాయిలు గిరగిరా తిప్పే బాటన్ కూడా ఇలాంటిదే. సన్నటి లోహపు కడ్డీ, రెండు కొసలకూ రబ్బరు తొడుగులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తిప్పే చెయ్యి వెతుక్కునేది కడ్డీ నడుమను కాదు, బరువు నడుమను.

నిజానికి ఇది తిప్పడానికి పుట్టిన కర్ర కాదు, మాట్లాడటానికి పుట్టింది. యూరప్ సైన్యాల్లో డ్రమ్ములు మోగుతుంటే, ముందు నడిచేవాడు ఎంత గొంతు చించుకున్నా వెనక వరుసకు వినపడదు. అందుకే డ్రమ్ మేజర్ చేతికి లోహపు తల ఉన్న పొడవాటి దండం వచ్చింది. మేస్ అంటారు. దాన్ని ఆడించే తీరును బట్టే బ్యాండు నడవడం, మళ్లడం, ఆగడం. ఢిల్లీలో జనవరి 29న జరిగే సైనిక బ్యాండ్ల వేడుక, బీటింగ్ రిట్రీట్ చూసినవాళ్లకు ఈ దండం తెలిసే ఉంటుంది. అంత బరువును గాల్లోకి విసిరి పట్టుకోవడం మాత్రం ఆజ్ఞ కాదండోయ్, దర్పం! బాటన్ కథంతా ఆ దర్పంలోంచే మొదలైందని నాకనిపిస్తుంది.

1930లకల్లా అమెరికాలో స్కూలు బ్యాండ్ల ముందు అమ్మాయిలు నడుస్తున్నారు. వాళ్లే మేజరెట్లు. దండం పొట్టిదైంది, తేలికైంది. ఆజ్ఞలివ్వడం వేరేవాళ్లు చూసుకుంటుంటే ఈ కర్రకి ఇక ఆటే పని. పైకి విసిరి, అది దిగేలోపు తాము రెండు మూడు చుట్లు తిరిగి, చూడకుండానే పట్టుకోవడం! అక్కడి పర్డ్యూ యూనివర్సిటీ బ్యాండులో బాటన్ తిప్పే అమ్మాయికి 1954 నుంచి ‘గోల్డెన్ గర్ల్’ అనే స్థానమే ఉంది. 1980లో సియాటిల్‌లో ప్రపంచ పోటీలు కూడా పెట్టేశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం 1946 నాటి ముచ్చట. సమోవా దీవులకు చెందిన కత్తి నాట్యగాడు ఫ్రెడ్డీ లెటూలీ శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శనకు సాధన చేస్తున్నాడు. అక్కడే నిప్పు మింగే గారడీవాడు ఒకడు, కొసల్లో దీపాలు వెలిగే బాటన్ తిప్పుతున్న చిన్న పిల్ల ఒకతి. ఇద్దరినీ చూశాడు. గారడీవాడి దగ్గర కాస్త ఇంధనం అడిగి పుచ్చుకుని, తన కత్తికి తువ్వాలు చుట్టి, అంటించాడు.