శ్రీలంకలో వారం రోజులు: స్తూపాలు, ఏనుగులు, వాటి మధ్య చెరువులు

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో సముద్రం లేదు. శ్రీలంక వెళ్లి బీచ్ చూడకుండా వచ్చారా అని కింద ఎలాగూ అడుగుతారు. చూడలేదు. వారం రోజులూ చెరువు కట్టల మీదే తిరిగాం. తిరిగింది నేనూ, మా అమ్మ. అమ్మకి 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పొద్దున టీ పడకపోతే ఎవరి మాటా వినదు. అందుకే ఈ రివ్యూలో మెట్ల లెక్క కాస్త ఎక్కువ ఉంటుంది.

ఇంకో మాట. మాది వరంగల్ పక్కన పల్లెటూరు. మా తాత నీరటి. చెరువు తూము ఎప్పుడు తియ్యాలి, ఎవరి మడికి ఎంత నీరు వదలాలి, ఆ పనంతా ఆయనది. గుర్తుపెట్టుకోండి, మధ్యలో పనికొస్తుంది.

హైదరాబాద్ నుంచి కొలంబోకి నేరుగా వెళ్లాం, సుమారు రెండు గంటలు. సెప్టెంబరు మొదటి వారం. బండినీ డ్రైవర్నీ కలిపి వారానికి మాట్లాడుకున్నాం. సింహళంలో కూడా అమ్మని అమ్మ అనే అంటారు, అక్కని అక్క అనే అంటారు. తమ్ముడు మాత్రం ‘మల్లి’. డ్రైవరన్న నన్ను ‘మల్లి’ అని పిలిచినప్పుడల్లా మళ్లీ ఏమైందా అని తిరిగి చూశాను, రెండు రోజులు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ ఉంది. పెద్ద షాపుల్లో పనిచేసింది కానీ రోడ్డు పక్కన కొబ్బరి బోండాల బండి దగ్గర నోట్లే కావాలి. వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి, టికెట్ కొనేముందు వాళ్ల ప్రభుత్వ సైట్లో చూసుకోండి.

ముందుగా అనురాధపురం. చాలామంది ప్యాకేజీల్లో దీనికి ఒక పూట ఇస్తారు, కొన్నింటిలో అదీ ఉండదు. నన్నడిగితే రెండు రోజులు పెట్టండి. వెయ్యేళ్లకు పైగా రాజధానిగా ఉన్న ఊరు, ఒక పూటలో ఏం చూస్తారు!

పొద్దున్నే శ్రీ మహాబోధి దగ్గరికి వెళ్లాం. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన బోధి కొమ్మ నాటిన చోటు. ఇప్పటికి సుమారు 2,300 ఏళ్లు. మనిషి నాటిన చెట్లలో, నాటిన కాలం తెలిసి, ఇంకా బతికున్న వాటిలో ఇదే అన్నిటికన్నా పాతదంటారు. పెద్ద ఊడలమర్రి లాంటిది ఊహించుకుని వెళ్తే మాత్రం నిరాశే. ఎత్తైన అరుగు మీద బంగారు రంగు కటకటాలు, పైన నాలుగు బక్క కొమ్మలు, వాటికి ఊతంగా కర్రలు. చుట్టూ ఉన్న పెద్ద రావిచెట్లు వేరే. అమ్మ ఒక పెద్ద చెట్టుకి దండం పెట్టేశాక తెలిసింది అది కాదని. ‘పోనీలే, దీని బంధువే కదా’ అంది.

అక్కడ నేల మీద కూర్చున్నాం. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఒక ముసలావిడ తెచ్చిన తామర మొగ్గని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో రేకునీ వేలితో వెనక్కి మడుస్తోంది. పది నిమిషాలు పట్టింది ఒక్క పువ్వుకి. పక్కన కూర్చున్న అమ్మకి కూడా ఒక మొగ్గ ఇచ్చి నేర్పించింది, ఒక్క మాట భాష లేకుండా. ఆ క్లిప్పు తీయలేదు. ఫోన్ తీయబుద్ధి కాలేదు.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని. మధ్యాహ్నం పన్నెండింటికి రువన్వెలిసాయకి వెళ్లాం. దుట్టగామణి రాజు కట్టించిన స్తూపం, 100 మీటర్లు దాటిన ఎత్తు, తెల్లగా మెరుస్తూ, చుట్టూ ప్రహరీ గోడకి వరసగా ఏనుగు బొమ్మలు. చెప్పులూ టోపీ బయటే వదలాలి. బండలు పెనంలా కాలుతున్నాయి, ప్రదక్షిణ కాదు, గెంతుడే. సాక్సులు పట్టుకెళ్లండి, లేదా తెల్లవారుజామునో సాయంత్రమో వెళ్లండి. స్తూపం పూర్తి కాకముందే దుట్టగామణి మంచం పట్టాడట. తమ్ముడు వెదురు తడికలు కట్టించి తెల్లబట్ట కప్పించి, ‘అయిపోయింది అన్నా, చూడు’ అని చూపించాడని వాళ్ల వంశచరిత్ర చెబుతుంది.

జేతవనం స్తూపానికి సున్నం లేదు, అంతా ఎర్ర ఇటుక. కట్టినప్పుడు సుమారు 122 మీటర్లు. ఆ కాలపు లోకంలో గీజా పిరమిడ్లు రెండింటి తర్వాత అంత ఎత్తు కట్టడం ఇదేనంటారు. ఇప్పుడు 71 మీటర్లు మిగిలింది. 9 కోట్లకు పైగా ఇటుకలని అంచనా. కట్టించింది మూడో శతాబ్దపు మహాసేనుడు. ఈ పేరు మళ్లీ వస్తుంది.

అదే ఊళ్లో అభయగిరి మఠం వైపు ఒక అర్ధచంద్రశిల ఉంది, ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నా. గుమ్మం ముందు అడుగు పెట్టే రాయి. బయటి వరసలో మంటలు, దాని లోపల ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతుంటాయి. ఆ లోపల తీగ, తర్వాత ముక్కున రెమ్మ పట్టుకున్న హంసలు, నడిమధ్య తామర. ఏనుగు తోక ఎలా ఊగుతోందో చూడండి, రాయిలో! మన నాగార్జునకొండ విహారాల ముందూ అర్ధచంద్రశిలలున్నాయి. అదే మూడో శతాబ్దంలో అక్కడ బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం కట్టడాలు కట్టించింది, సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం పెట్టించింది. ఆమె శాసనం ఉంది. మనకి రాకపోకలు కొత్త కాదన్నమాట.

ఆ సాయంత్రం డ్రైవరన్న ఊరి చివర ఒక చిన్న చెరువు దగ్గర బండి ఆపాడు. వాళ్ల భాషలో చెరువంటే ‘వెవ’. కట్ట లోపలి వైపు, నీటి అంచున, నాలుగు పక్కలా రాతి పలకలతో చతురస్రంగా ఒక గుంత. దాన్ని బిసోకొటువ అంటారని చెప్పాడు. నేను వీడియో తీస్తున్నాను కానీ ఏం చూస్తున్నానో నాకు అర్థం కాలేదు. అమ్మ వంగి చూసి, ‘ఇది తూమే కదరా, మీ తాత దిగేది ఇట్లాంటి దాంట్లకే’ అంది.

నిజమే, తూమే. కాకపోతే పెద్ద చెరువుల ఒత్తిడికి తట్టుకునే తూము. నిండిన చెరువులో అడుగున నీటి తోపుడు ఎంత ఉంటుందో నీరటిని అడగాలి. నేరుగా కాలువలోకి వదిలితే కట్టనే కోసేస్తుంది. అందుకని నీరు ముందు ఈ గుంతలోకి వచ్చి జోరు తగ్గించుకుంటుంది, ఎంత కావాలో అంతే బయటికి వెళ్తుంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందే ఇది చేశారు. బ్రిటిష్ ఇంజనీరు హెన్రీ పార్కర్ దీన్ని చూసి, నీటిని అదుపు చేసి వదిలే తమ కాలపు వాల్వ్ టవర్లకి ఇదే పూర్వరూపమని రాశాడు. డ్రైవరన్న అప్పుడే ఒక సామెత చెప్పాడు: ‘వెవయి దాగబయి, గమయి పన్సలయి’. చెరువూ స్తూపమూ, ఊరూ గుడీ. అక్కడ ఇవి జంటలు. కాకతీయులు ఊరు, గుడి, చెరువు కలిపి కట్టిన నేల నుంచి వెళ్లినవాళ్లకి దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు. నాగార్జునకొండ లోయ మాత్రం సాగర్ నీళ్లలో మునిగింది, కట్టడాలు కొన్నిటిని కొండ మీదికి తరలించారు. అది గుర్తొచ్చి నాకు కాసేపు మాట రాలేదు.

అక్కడి నుంచి దంబుల్ల వైపు వస్తుంటే తంబుత్తేగమ దగ్గర టీకి ఆగాం. బుట్టల్లో పాములు పెట్టుకున్న ఒక పెద్దాయన ఎవరితోనో మాట్లాడుతుంటే అమ్మ చెవులు రిక్కించింది. అందులో ‘నీళ్లు’ వినపడింది. శ్రీలంకలో అహికుంటికులు అనే సంచార జాతి ఉంది. పాములాడించడం, సోదె చెప్పడం వాళ్ల పాత వృత్తి, వాళ్ల ఇంటి భాష తెలుగు. నేను చదివాను కానీ మర్చిపోయాను. అమ్మ చదవలేదు, నేరుగా వెళ్లి ‘ఏ ఊరయ్యా మీది’ అంది. ఆయన మాట్లాడింది మాకు సగం అర్థమైంది, మాది ఆయనకీ సగమే. ఆ సగంతోనే ఇరవై నిమిషాలు గడిచాయి. ఫోటో వద్దన్నాడు, తీయలేదు.

కలావెవ కట్ట మీద బండి ఆపమని నేనే అడిగాను. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడు తవ్వించిన చెరువు. ఇక్కడి నుంచి అనురాధపురానికి సుమారు 87 కిలోమీటర్ల కాలువ, మొదటి భాగంలో కిలోమీటరుకి 10 సెంటీమీటర్లు కూడా లేని వాలు. ఆ రాజుని కొడుకు కాశ్యపుడు బంధించి, ‘నిధి ఎక్కడ దాచావు’ అని నిలదీస్తే, ధాతుసేనుడు ఈ నీళ్లు దోసిట్లోకి తీసుకుని ‘నా ఆస్తి ఇదే’ అన్నాడట. కొడుక్కి ఒళ్లు మండి చంపించాడు.

ఆ కాశ్యపుడు భయంతో ఎక్కి కూర్చున్న పెద్ద రాతిబండే సిగిరియా. 180 మీటర్ల ఎత్తు, 1,200 దాకా మెట్లు. విదేశీయులకి టికెట్ 35 డాలర్ల దాకా ఉంది. సార్క్ దేశాల పాస్‌పోర్టుకి, అంటే మనకీ, తగ్గింపు ఉంటుంది, అసలు పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. పొద్దున ఏడింటికే ఎక్కడం మొదలుపెట్టాను. పై మెట్ల దగ్గరి పెద్ద సింహం పాదాలు బాగున్నాయి, బండ మీది పాత చిత్రాలు బాగున్నాయి, అక్కడ ఫోటోలు తీయనివ్వరు. ఇరుకు ఇనుప మెట్ల మీద ముప్పావు గంట క్యూ మాత్రం బాగాలేదు. కందిరీగలున్నాయి, అరవొద్దని బోర్డులు పెట్టారు, అవి ఉత్తుత్తివి కావు. అమ్మ కింద నీటి తోటల్లోనే ఉండిపోయింది. నేను దిగొచ్చేసరికి, వానలు బాగా పడితే ఆ 1,500 ఏళ్ల నాటి ఫౌంటెన్లు ఇప్పటికీ చిమ్ముతాయని అక్కడి తోటమాలి దగ్గర తెలుసుకుని కూర్చుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని కింద వదిలితే వాళ్లకేమీ నష్టం లేదు. బండని దూరం నుంచి చూడటమే ఇష్టమైతే పక్కనున్న పిదురంగల కొండ ఎక్కండి, చాలా చవక.

దంబుల్ల గుహలు అయిదు, సుమారు 150 బుద్ధ విగ్రహాలు, పైకప్పంతా బొమ్మలు. చల్లగా ఉంటుంది, గంటన్నర చాలు. అరటిపళ్లు చేతిలో పట్టుకోకండి, మావి కోతి పట్టుకుపోయింది. పొలొన్నరువలో గల్ విహారం దగ్గర మాత్రం కూర్చోండి. పన్నెండో శతాబ్దం, ఒకే రాతిలో చెక్కిన 14 మీటర్ల శయన బుద్ధుడు. తలగడ తల బరువుకి నొక్కుకున్నట్టు చెక్కారు. రెండు పాదాలూ సరిసమానంగా లేవు, ఒకటి కాస్త వెనక్కి జరిగి ఉంది. నిద్ర కాదు, నిర్యాణం అని చెప్పడానికి ఆ శిల్పికి అంతే చాలింది. ఇక్కడి అర్ధచంద్రశిలల్లో ఎద్దు మాయమైంది. నందిని తొక్కకూడదనే అని చెబుతారు.

ఇక ఏనుగులు. యాలా నేషనల్ పార్కు ప్రధాన భాగాన్ని సెప్టెంబరులో కొన్ని వారాలు మూసే అలవాటుంది, అందుకని మిన్నేరియా పెట్టుకున్నాం. జులై నుంచి అక్టోబరు దాకా, చుట్టూ అడవి ఎండిపోయాక, మిన్నేరియా చెరువు నీరు వెనక్కి తగ్గుతుంది. తగ్గిన చోట బురదలోంచి లేత గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం వందల ఏనుగులు దిగుతాయి. ఆ చెరువు తవ్వించింది మహాసేనుడే, జేతవనం కట్టించినాయన. పదహారు చెరువులు తవ్వించాడని వాళ్ల చరిత్ర. మహావిహారం భిక్షువులతో గొడవపడి వాళ్ల మఠాన్ని పడగొట్టించిన రాజు కూడా ఈయనే. అయినా ఊళ్లవాళ్లు ఆయన్ని మిన్నేరి దేవుడని మొక్కుతారు. నీళ్లిచ్చినవాడి మీద జనం లెక్క వేరు.

జీపు విషయంలో దెబ్బతిన్నాం. దింపిన చోట ఒకాయన ‘అన్నీ కలిపి’ అని ఒక రేటు చెప్పాడు. గేటు దగ్గరికెళ్లాక టికెట్ వేరే, పన్ను వేరే అన్నాడు. జీపు అద్దె, పార్కు టికెట్, పన్ను విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి, ఈ మధ్య ఎగువ ప్రాజెక్టు నుంచి నీరు వదిలినప్పుడు చెరువు తగ్గక గడ్డి మునిగిపోతోందని అక్కడివాళ్ల బాధ. అలాంటప్పుడు ఏనుగులు కౌదుల్లకో హురులుకో వెళ్లిపోతాయి. ఏ పార్కో ఆ రోజు మధ్యాహ్నం తేల్చుకోండి, నెల ముందు బుక్ చేసుకోకండి.

మాకు అదృష్టం కలిసొచ్చింది. ఎనభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఈ షాట్ చూడండి, మేత ఎలా మేస్తోందో. ముందు కాలి గోళ్లతో గడ్డిని తన్ని వదులు చేస్తుంది, తొండంతో కట్ట చుడుతుంది, దాన్ని మోకాలికేసి రెండు మూడు సార్లు కొట్టి మట్టి దులుపుతుంది, అప్పుడు నోట్లోకి. మనం తోటకూర కట్ట దులిపినట్టే. పిల్లేనుగుకి ఇంకా రాదు, మట్టితోనే తినేస్తోంది. దంతాలున్నవి ఒక్కటీ కనపడలేదు, ఆ దీవిలో మగ ఏనుగుల్లో కూడా దంతాలుండేవి చాలా తక్కువ. అవతల పక్క ఇరవై జీపులు ఒక తల్లీపిల్లా చుట్టూ చేరి ఇంజన్లు రేపుతున్నాయి. మా జీపతను దూరంగా ఆపి ఇంజన్ కట్టేశాడు. మీరూ ముందే అలా అడగండి. పొలాల మీద పడే ఏనుగులకీ రైతులకీ అక్కడ పోరు మామూలుది కాదు, 2023లో 400కి పైగా ఏనుగులు చచ్చిపోయాయి. సెల్ఫీ కోసం మనం కూడా వాటిని విసిగించడం ఎందుకు.

క్యాండీకి ఒక్క రోజే మిగిలింది. బుద్ధుడి దంతధాతువు గుడిలో సాయంత్రం పూజకి వెళ్లండి, డప్పులే సగం ఆకర్షణ. దంతం కనపడదు, దాన్ని ఉంచిన బంగారు భరిణె కనపడుతుంది. అక్కడే కాదు, ఎక్కడా బుద్ధుడికి వీపు చూపిస్తూ ఫోటో దిగకండి, వాళ్లకి కోపం వస్తుంది, రావాలి కూడా. 1739 నుంచి క్యాండీని ఏలింది మధురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలవాళ్లు. చివరి రాజు విక్రమ రాజసింహుడి అసలు పేరు కన్నసామి. 1815లో బ్రిటిష్‌వాళ్లు దించేసి వేలూరు కోటకి పంపారు, 1832లో అక్కడే పోయాడు. టూరిస్టుల కోసం ఆడే డ్యాన్స్ షో గంటసేపు ఉంటుంది, నాకు నచ్చలేదు, అమ్మకి నిప్పుల మీద నడక నచ్చింది.

తిండికి ఇబ్బంది పడలేదు. ఇడియాప్పం, కొబ్బరి కారం ప్రతి పొద్దునా తిన్నాం. రోడ్డు పక్కన మట్టి ముంతల్లో గేదె పెరుగు అమ్ముతారు, మీద కితుల్ పాకం పోసుకుని తింటారు. కితుల్ అంటే మన జీలుగ చెట్టే. మన్యంలో మనం కల్లు తీస్తాం, వాళ్లు కాచి పాకం చేస్తారు. ఎయిర్‌పోర్టుకి వెళ్లే రోజు అమ్మ ఒక ముంత కొని, పెరుగంతా కారులోనే తినేసి, ఖాళీ ముంతని నా టీషర్టులో చుట్టి సూట్‌కేసులో పెట్టింది. పగలకుండా వచ్చింది. నిన్న రాత్రి అందులోనే తోడేసింది, పొద్దున కోస్తే కత్తికి అంటలేదు.