విమానం ఎగిరాక ఫోను ఎప్పుడు వాడవచ్చు?

(తెర మీద: వరంగల్ నుంచి శంషాబాద్ బయలుదేరిన కారు, పైన కట్టిన సూట్‌కేసులు)

నమస్కారం. మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. అప్పటి నుంచి మన వరంగల్ వాళ్లకు విమానమంటే హైదరాబాద్ ప్రయాణమే. జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లే వారిదీ అదే దారి. వారిలో మొదటిసారి ఎక్కే వారి కోసమే ఈ వీడియో. ‘ఫ్లైట్ మోడ్’ (ఫోను టవర్‌కు సంకేతాలు పంపకుండా ఆపే అమరిక) అని ప్రకటన వినగానే కొందరు భయపడి ఫోను పూర్తిగా ఆపేస్తారు, దిగేదాకా ముట్టుకోరు. అంత భయం అక్కరలేదు.

(తెర మీద: ఫోనులో విమానం గుర్తును నొక్కుతున్న వేలు)

ఒకప్పుడు విమానం పది వేల అడుగులు దాటేదాకా ఏ పరికరమూ వాడనిచ్చేవారు కాదు. 2013 అక్టోబరులో అమెరికా ఆ నిబంధనను సడలించింది. 2014లో మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా, ఫ్లైట్ మోడ్‌లో ఉంటే ప్రయాణమంతా ఫోను వాడుకోవచ్చని అనుమతించింది. అంటే విమానం పైకి లేస్తున్నప్పుడు కూడా పిల్లల ఫొటోలు చూసుకోవచ్చు, దాచుకున్న పాటలు వినవచ్చు.

మరి ఫ్లైట్ మోడ్ ఎందుకు? టవర్ దగ్గరగా ఉంటే ఫోనుకు కొద్దిపాటి శక్తి చాలు. దూరమయ్యే కొద్దీ మరింత బలంగా సంకేతాలు పంపుతుంది. అవి పైలట్ హెడ్‌సెట్‌లో గరగర శబ్దంగా వినిపించవచ్చు. ఒక్క ఫోనుతో విమానం కూలిపోదు, ఆ ప్రచారం నమ్మకండి. కానీ ఎంత ఎత్తుకు వెళ్లాలో, ఎటు తిరగాలో కింది నుంచి చెబుతున్న వేళ పైలట్ చెవిలో ఆ రొద ఉండకూడదు. వందల మంది ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి.

(తెర మీద: సీటు కిందికి చేరుతున్న ల్యాప్‌టాప్ సంచి)

ల్యాప్‌టాప్ సంగతి వేరు. అక్కడ సమస్య బరువుది. విమానం ఒక్కసారిగా కుదిపితే అది ఎగిరి ఎవరికైనా తగలవచ్చు, అత్యవసరంగా దిగాల్సి వస్తే కాళ్లకు అడ్డుపడవచ్చు. అందుకే ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు లోపల పెట్టమంటారు. సిబ్బంది సరేనన్నాక తీసుకోండి.

వై-ఫై ఉన్న విమానమైతే, 2018 నాటి నిబంధనల ప్రకారం మన గగనతలంలో 3,000 మీటర్ల ఎత్తు దాటాకే ఇంటర్నెట్ ఉండేది. 2024లో ఆ నిబంధనలను సవరించారు, విమానంలో పరికరాలు వాడుకోవడానికి అనుమతి ఉన్నప్పుడు వై-ఫై ఇంటర్నెట్ వాడవచ్చు.

ఇంటికి చేయాల్సిన ఫోను తలుపులు మూయకముందే చేసుకోండి. దిగాక, విమానం రన్‌వే దాటి సిబ్బంది అనుమతించగానే ‘చేరుకున్నాను’ అని చెప్పవచ్చు.