ప్లేఆఫ్‌కు ముందు అభిమాని గుండె ఎందుకంతగా కొట్టుకుంటుంది?

[తెరపై: రాత్రి వేళ, దీపాల వెలుగులో నిండిన ఫుట్‌బాల్ స్టేడియం]

2025 మే 13, ఈశాన్య ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ నగరం. స్టేడియం ఆఫ్ లైట్‌లో 46 వేల మందికి పైగా ప్రేక్షకులు ఉన్నారు. మ్యాచ్ 120 నిమిషాలు దాటింది. సండర్లాండ్ జట్టు కోవెంట్రీ సిటీతో ఆడిన రెండు ప్లేఆఫ్ సెమీఫైనల్ మ్యాచ్‌లూ కలిపితే స్కోరు 2-2. ఇంకొన్ని క్షణాల్లో రెఫరీ ఈల వేస్తే, గోల్‌కీపర్ ఒక్కడి ఎదుట వంతులవారీగా బంతిని తన్నే పెనాల్టీ షూటౌట్ తప్పదు. సరిగ్గా అప్పుడే సండర్లాండ్‌కు ఒక కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతిని గోల్ ముందుకు కొట్టే అవకాశం, దొరికింది.

ఆ కార్నర్ ఏమైందో చెప్పే ముందు, అక్కడున్న మనుషులు ఆ స్థితికి ఎలా చేరుకున్నారో చూద్దాం. ప్లేఆఫ్‌కు ముందు వారాల తరబడి అభిమానులు పడే ఆరాటం వెనుక ఆ పోటీ నిర్మాణమూ ఉంది, మనిషి మెదడు పనితీరూ ఉంది, ఆ క్లబ్బు పాత గాయాలూ ఉన్నాయి.

[తెరపై: ఛాంపియన్‌షిప్ పాయింట్ల పట్టిక]

ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉన్నది ఛాంపియన్‌షిప్. అందులోని 24 జట్లు తలా 46 మ్యాచ్‌లు ఆడతాయి. మొదటి రెండు జట్లు నేరుగా పై మెట్టుకు వెళతాయి. 2025లో మూడు నుంచి ఆరు వరకు స్థానాల్లో నిలిచిన నాలుగు జట్లు, మిగిలిన ఒకే ఒక్క చోటు కోసం ప్లేఆఫ్స్‌లో తలపడ్డాయి. సెమీఫైనల్స్ సొంత మైదానంలో ఒకటి, ఎదుటివారి మైదానంలో ఒకటి చొప్పున రెండు మ్యాచ్‌లుగా సాగుతాయి. ఫైనల్ మాత్రం లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఒక్క మ్యాచే. ఆ ఏడాది మూడవ స్థానంలో నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్‌కు 90 పాయింట్లు, నాలుగవ స్థానంలోని సండర్లాండ్‌కు 76 పాయింట్లు వచ్చాయి. తొమ్మిది నెలల పాటు చెమటోడ్చి సంపాదించుకున్న ఆ 14 పాయింట్ల తేడాకు ప్లేఆఫ్ మొదలైన రోజున విలువ లేదు. గెలిచిన క్లబ్బుకు రాబోయే ఆదాయమేమో పది కోట్ల పౌండ్లకు పైమాటే.

అభిమాని మనసును కలవరపెట్టేది డబ్బు కాదనే నా అభిప్రాయం. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ బాగా పనికొస్తుంది. కంప్యూటర్ తెరపై కనిపించే రాళ్లలో ఏ రాయి కింద పాము ఉందో 45 మంది వాలంటీర్లు ఊహించాలి. పాము కనిపిస్తే చేతికి నొప్పి కలిగేలా చిన్న కరెంటు షాక్ తగులుతుంది. షాక్ కచ్చితంగా తగులుతుందని తెలిసినప్పటి కంటే, తగిలేదీ తగలనిదీ సగం సగం అన్నప్పుడే వారిలో ఒత్తిడి అత్యధికంగా కనిపించింది. చెమట పట్టడంలోనూ, కంటిపాపల్లోనూ ఆ తేడా కొలతలకు అందింది.

ఇప్పుడు ప్లేఆఫ్ నిర్మాణాన్ని మరొకసారి చూడండి. దాదాపు సమ ఉజ్జీలైన జట్లను ఏరి, ఒకదాని ఎదుట ఒకదాన్ని నిలిపే పోటీ అది. అంటే అభిమానిని సరిగ్గా ఆ సగం సగం దగ్గరే నిలబెడుతుంది. ఎలాగూ కింది డివిజన్‌కు పడిపోతామని తెలిసిన జట్టు అభిమాని బాధపడతాడు, కానీ రాత్రి నిద్రపోగలడు. ప్లేఆఫ్‌కు చేరిన జట్టు అభిమానికి ముద్ద దిగదు, కునుకు పట్టదు. ‘మనల్ని చంపేది ఆశే’ అని ఇంగ్లండ్ అభిమానులు తరచుగా చెప్పుకునే మాటకు ఆ ప్రయోగంలో ఆధారం దొరుకుతుంది.

[తెరపై: స్టేడియం బయట గని కార్మికుల దీపం శిల్పం]

దీనికి తోడు సండర్లాండ్ వారికి జ్ఞాపకాల బరువు కూడా ఉంది. ఓడల నిర్మాణానికీ బొగ్గు గనులకూ పేరుపొందిన ఆ నగరంలో 1993 నాటికి రెండూ మూతపడ్డాయి. మూసేసిన మంక్‌వేర్‌మౌత్ గని ఉన్న చోటే 1997లో ఈ స్టేడియం వెలసింది. గనిలో పనిచేసినవారి గుర్తుగా బయట ఒక పెద్ద దీపాన్ని నిలిపారు. మరుసటి ఏడాదే, 1998 ప్లేఆఫ్ ఫైనల్లో, చార్ల్టన్ జట్టుతో 4-4గా ముగిసిన మ్యాచ్‌ను సండర్లాండ్ పెనాల్టీల్లో 7-6తో పోగొట్టుకుంది. చివరి పెనాల్టీని చేజార్చిన మైకేల్ గ్రే ఆ ఊరిలో పుట్టి పెరిగిన కుర్రవాడే కావడం ఆ గాయాన్ని మరింత లోతు చేసింది. 2019లో, అప్పటికి మూడవ మెట్టుకు జారిపోయిన ఆ జట్టు, మళ్లీ అదే చార్ల్టన్ చేతిలో, వెంబ్లీలోనే, 90 నిమిషాలు ముగిశాక రెఫరీ కలిపిన చివరి క్షణాల్లో తిన్న గోల్‌తో ఓడింది. పెనాల్టీ షూటౌట్ అనే మాట వింటే సండర్లాండ్ అభిమాని ఒళ్లు ఎందుకు జలదరిస్తుందో ఈ పాటికి మీకు అర్థమై ఉంటుంది. పైగా 2025 లీగ్‌లో ఆ జట్టు చివరి ఐదు మ్యాచ్‌లనూ వరుసగా ఓడిపోయి ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది. ప్లేఆఫ్ స్థానం ముందే ఖాయమైంది కాబట్టి ఆ ఓటములను లెక్కలోకి తీసుకోనక్కరలేదని బుద్ధి చెబుతుంది. గుండె వినదు.

మరి ఇన్ని రోజుల ఆరాటాన్ని వారు ఎలా తట్టుకుంటారు? ఆటగాడికి బంతి ఉంది, కోచ్‌కు వ్యూహం ఉంది, అభిమాని చేతిలో మాత్రం ఏమీ లేదు. అందుకే చేయడానికి ఏదో ఒకటి కల్పించుకుంటాడు. గెలిచిన రోజు వేసుకున్న కండువానే ఉతకకుండా మళ్లీ వేసుకుంటాడు, అదే దారిన నడిచి వెళతాడు, అదే కుర్చీలో కూర్చుంటాడు. సచిన్ బ్యాటింగ్ చేస్తుంటే కూర్చున్న చోటు నుంచి ఎవరినీ కదలనివ్వని ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు? దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఫలితాన్ని అది మార్చలేదని ఆ మనిషికీ తెలుసు. కానీ ఎదురుచూపుల గంటలను గడిపే పని ఒకటి దొరుకుతుంది, ఆ మేరకు మనసు కుదుటపడుతుంది.

అంతకంటే బలమైనది గుంపు. ఒంటరిగా గదిలో కూర్చుని ఫోన్‌లో జోస్యాలు చదివేవాడి భయం గంటగంటకూ పెరుగుతుంది. అదే భయంతో ఉన్న వేలమంది మధ్య నిలబడి ఒకే పాటను గొంతెత్తి పాడేటప్పుడు, అది తన ఒక్కడి భారం కాదని ఒంటికే తెలుస్తుంది. సండర్లాండ్ వారు పాడేది ఒక పాత ప్రేమపాట, నెమ్మదిగా సాగే వరుస. వేగంగా ఊపిరి తీస్తూ దాన్ని పాడలేరు.

ఇక్కడ శరీరం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి. 2006 ప్రపంచ కప్ సమయంలో మ్యూనిక్ ప్రాంతంలో జరిపిన అధ్యయనంలో, జర్మనీ ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులకు 2.66 రెట్లు నమోదయ్యాయి. ముందే గుండె జబ్బు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. మీ ఇంట్లో అలాంటి పెద్దవారుంటే, పెద్ద మ్యాచ్ రోజున మాత్రలు వేళకు వేసుకునేలా చూడండి. ఛాతీలో నొప్పి అంటే మ్యాచ్ అయ్యేదాకా ఆగవద్దు.

[తెరపై: గచ్చిబౌలి స్టేడియం]

ఈ ఆరాటం మన హైదరాబాద్‌కూ కొత్త కాదు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో, పసుపు రంగులో మునిగిన కేరళ అభిమానుల ఎదుట, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి షూటౌట్‌లో మూడు పెనాల్టీలను ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీని విజేతగా నిలిపాడు. మరుసటి ఏడాది సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌తో గచ్చిబౌలిలోనూ కోల్‌కతాలోనూ కలిపి 210 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ కూడా పడలేదు, చివరకు పెనాల్టీల్లో హైదరాబాద్ 4-3తో ఓడింది. అదే షూటౌట్ ఒక ఏడాది కిరీటం పెట్టింది, మరుసటి ఏడాది ఇంటికి పంపింది.

[తెరపై: మళ్లీ స్టేడియం ఆఫ్ లైట్]

ఇప్పుడు ఆ కార్నర్ దగ్గరకు వద్దాం. ఎంజో లే ఫే బంతిని గాలిలోకి లేపాడు. గుంపులో నుంచి డాన్ బలార్డ్ ఎగిరి తలతో కొట్టాడు. 122వ నిమిషంలో గోల్. మన దేశంలో అప్పటికి తెల్లవారుజామున మూడు దాటింది.

ఆ తరువాత ఫైనల్ కోసం పదకొండు రోజులు ఎదురుచూడాలి, అంటే గెలుపు కూడా వారిని తిరిగి అదే సగం సగం దగ్గరకు చేర్చింది. మే 24న వెంబ్లీలో షెఫీల్డ్ యునైటెడ్ ముందుగా గోల్ చేసింది. వారి రెండవ గోల్‌ను వీడియో సమీక్ష రద్దు చేసింది. ఆ గోల్ నిలిచి ఉంటే కథ మరోలా ఉండేదని షెఫీల్డ్ అభిమానులు అనుకోవడంలో తప్పు లేదు; ప్లేఆఫ్స్‌లో ఎన్నిసార్లు ఆడినా ఒక్కసారీ గెలవని క్లబ్బు వారిది. 76వ నిమిషంలో సండర్లాండ్ ఆటగాడు మయెండా స్కోరు సమం చేశాడు. 95వ నిమిషంలో, అప్పటికే బ్రైటన్ క్లబ్బుకు వెళ్లడానికి ఒప్పందం కుదుర్చుకున్న 19 ఏళ్ల టామ్ వాట్సన్, సండర్లాండ్ తరఫున తన చివరి మ్యాచ్‌లో, గెలుపు గోల్ కొట్టాడు.

ఎనిమిదేళ్ల తరువాత ప్రీమియర్ లీగ్‌కు తిరిగి వచ్చిన సండర్లాండ్, ఆగస్టు 16న సొంత మైదానంలో వెస్ట్ హామ్‌ను 3-0తో ఓడించింది. అందులో రెండవ గోల్‌ను తలతో కొట్టినవాడు డాన్ బలార్డే.